సాలిడ్ మెకానిక్స్‌లో చదువు, పరిశోధన, ఉద్యోగాలు: రాయగడ, కొరాపుట్, గంజాం, గజపతి జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

సాలిడ్ మెకానిక్స్ అంటే అసలు ఏమిటి?

ఒక వస్తువు మీద బరువో, వేడో, దెబ్బో పడితే అది ఎంత వంగుతుంది, ఎక్కడ పగులుతుంది, ఎన్నాళ్లకు పగులుతుంది? ఈ మూడింటికీ అంకెలతో జవాబు చెప్పే శాస్త్రం ఇది. ఇంటర్ ఫిజిక్సులో చదివిన ప్రతిబలం, వికృతి, యంగ్ గుణకం దీనికి మొదటి మెట్టు. కాలేజీలో మొదటి రెంటినీ స్ట్రెస్, స్ట్రెయిన్ అంటారు కాబట్టి ఇక్కడా అలాగే వాడుతున్నాం. ఆ పైన ఎలాస్టిసిటీ (బరువు తీస్తే పాత ఆకారానికి రావడం), ప్లాస్టిసిటీ (తీసినా వంకర మిగిలిపోవడం), పగుళ్లు, ఫెటీగ్, క్రీప్, కాంపోజిట్లు (నార, జిగురు లాంటివి కలిపి చేసే పదార్థాలు), ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలు (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటరుతో వేసే లెక్కలు) వస్తాయి.

ఈ కొండ జిల్లాల్లో దీంతో పనేముంది? బెంగుళూరో పుణెయో పోవాల్సిందేగా?

డెస్కు ఉద్యోగాలు ఎక్కువ అక్కడే, నిజమే. కానీ సబ్జెక్టు కంటికి కనపడేది మాత్రం ఇక్కడే.

సునాబెడలోని హెచ్‌ఏఎల్ ఇంజన్ల ఫ్యాక్టరీనే తీసుకోండి. మిగ్-21 ఇంజన్ల కోసం 1960ల్లో మొదలైన ఈ ఫ్యాక్టరీ ఇప్పుడు సుఖోయ్-30 విమానాలకు ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లు తయారు చేస్తోంది. 2024 సెప్టెంబరులో 240 ఇంజన్లకు 26 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందం కుదిరింది. జెట్ ఇంజన్ బ్లేడు ఎంత కష్టపడుతుందో ఒక ఊహా లెక్కతో చూడండి. 50 గ్రాముల ముక్క, ఇరుసు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతోంది. దాన్ని పట్టి ఉంచడానికి సుమారు 3.2 టన్నుల బలం కావాలి. అదీ లోహం ఎర్రబడే వేడిలో. అక్కడ లోహం మెల్లమెల్లగా సాగిపోవడమే క్రీప్. ఇంజన్ వేసినప్పుడూ ఆపినప్పుడూ లోడు మళ్లీ మళ్లీ ఎక్కి దిగడం వల్ల కలిగే అలసట ఫెటీగ్.

దామన్‌జోడి నాల్కో రిఫైనరీకి పంచపట్మాలి గని నుంచి బాక్సైటు 14.6 కిలోమీటర్ల కేబుల్ బెల్టు కన్వేయరు మీద వస్తుంది. ఉక్కు తాడు ప్రతి కప్పీ మీదా వంగి, మళ్లీ తిన్నగా అవుతూ ఉంటుంది. తాడులో ముందు తెగేది ఏ తీగ, ఎన్ని తీగలు తెగితే తాడు మార్చాలి అన్నవి ఫెటీగ్ ప్రశ్నలే. రిఫైనరీ లోపల ఇంకో సమస్య ఉంది. బాక్సైటును వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తారు. వెల్డు పక్కన లోహంలో మిగిలిపోయిన స్ట్రెస్, వేడి కాస్టిక్ రెండూ కలిస్తే మామూలు ఉక్కు వెంట్రుక పగుళ్లు ఇస్తుంది. అందుకే వెల్డింగ్ అయ్యాక 600 డిగ్రీల పైన, 25 మిల్లీమీటర్ల మందానికి గంట చొప్పున కాచి, నెమ్మదిగా చల్లారుస్తారు. తరవాత ఎవరో చిన్న బ్రాకెట్ కదా అని అదే పైపుకి వెల్డు కొట్టి, మళ్లీ కాచకుండా వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది. కాస్టిక్ వాడే ఏ ప్లాంటులోనైనా ఇది పొంచి ఉన్న ప్రమాదమే.

ఇక మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లకు నీళ్లు తెచ్చే పెన్‌స్టాక్ పైపులు, రాయగడ పేపరు మిల్లు డ్రయ్యర్ సిలిండర్లు, తేరువల్లి ఫెర్రో అల్లాయ్ కొలిమి గుల్లలు, బరంపురం మీదుగా వెళ్లే మెయిన్ లైను పట్టాలు. ఏది చూసినా ఇదే సబ్జెక్టు.

పట్టాల్లో మెకానిక్స్ ఏముంది? వేసవిలో వ్యాకోచిస్తాయి, అంతేగా?

వ్యాకోచించడానికి చోటు లేకపోవడమే అసలు సంగతి. పొడవుగా వెల్డు చేసిన పట్టాకు మధ్యలో సందులు ఉండవు. పట్టాను స్ట్రెస్ లేకుండా 40 డిగ్రీల దగ్గర బిగించారనుకోండి. చలికాలం తెల్లవారుజామున అది 15 డిగ్రీలకు దిగింది. స్ట్రెస్ = వ్యాకోచ గుణకం × యంగ్ గుణకం × ఉష్ణోగ్రత తేడా. అంటే 0.0000115 × 2,10,000 × 25, సుమారు 60 మెగాపాస్కల్. 60 కిలోల పట్టా అడ్డుకోత వైశాల్యం 7,686 చదరపు మిల్లీమీటర్లు. గుణిస్తే 464 కిలోన్యూటన్లు, రమారమి 47 టన్నుల లాగుడు. ఈ లెక్కలో పట్టా పొడవు ఎక్కడా రాలేదని గమనించండి. ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది అక్కడే. చలిలో లాగుడు కాబట్టి పాత పగులు ఉన్న చోట పట్టా విరుగుతుంది, ఎండలో నొక్కుడు కాబట్టి పక్కకి వంకర తిరుగుతుంది.

మా అబ్బాయిని పదో తరగతి అయ్యాక విశాఖలో ఇంటర్ చేర్పించాలా, ఇక్కడే ప్లస్ టూ చదివించాలా?

కోచింగ్ సంగతి మీ ఇష్టం. కానీ ఒక నిబంధన తెలియక సరిహద్దు కుటుంబాలు దెబ్బతింటున్నాయి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. సొంత రాష్ట్రం అంటే ఇల్లున్న చోటు కాదు, పన్నెండో తరగతి మొదటిసారి పాసైన రాష్ట్రం. రాయగడ కుర్రాడు విశాఖలో ఇంటర్ పాసైతే అతనికి సొంత ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలోనిది. రూర్కెలా ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా చేజారుతుంది. రూర్కెలా మెకానికల్ విభాగం పాతది, పెద్దది కాబట్టి ఈ సబ్జెక్టు మీద మనసున్న పిల్లలకి ప్లస్ టూ ఒడిశాలోనే చదవడం మేలని మా అభిప్రాయం.

ఒడిశా కాలేజీల్లో బీటెక్ మొదటి ఏడాదికి జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారం. ఆంధ్రా ఈఏపీసెట్‌లో స్థానికత లెక్క వేరు, అక్కడ ఎన్నేళ్లు చదివారో చూస్తారు. అటూ ఇటూ కాకుండా పోకముందే ఆ రూల్సు చదవండి.

కుల ధ్రువపత్రం కూడా ముందే తేల్చుకోండి. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో అదే పేరుతో లేకపోవచ్చు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌కి నాన్-క్రీమీలేయర్ పత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తరవాత తీసుకున్నదై ఉండాలి. జూన్‌లో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే టైము సరిపోదు.

బ్రాంచి ఏది మంచిది? మెకానికల్, సివిల్, ఏరోస్పేస్?

మూడింటిలో ఏదైనా సరే. మెటలర్జీ వాళ్లు కూడా పగుళ్లు, క్రీప్ వైపు నుంచి వస్తారు. కాలేజీ మంచిదైతే బ్రాంచి కోసం పట్టు పట్టొద్దు.

డిప్లొమా, ఐటీఐ వాళ్లకి దీంట్లో దారి ఉందా?

ఉంది. డిప్లొమా తరవాత లేటరల్ ఎంట్రీలో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఒడిశాలో ఓజేఈఈ ద్వారా, ఆంధ్రాలో ఈసెట్ ద్వారా. హెచ్‌ఏఎల్, నాల్కో వంటి సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. డిగ్రీ, డిప్లొమా వాళ్లు కేంద్రం నడిపే అప్రెంటిస్ పోర్టల్ నాట్స్‌లో ముందే పేరు నమోదు చేసుకుని ఉండాలి. నోటిఫికేషన్ పడ్డాక నమోదు మొదలుపెడితే నంబరు వచ్చేలోపు గడువు దాటొచ్చు.

రెండో దారి ఎన్‌డీటీ, అంటే వస్తువును పాడుచేయకుండా లోపలి పగుళ్లు పట్టుకోవడం. అల్ట్రాసోనిక్, మాగ్నెటిక్ పార్టికల్, డై పెనెట్రంట్ పద్ధతుల్లో లెవెల్-2 (రెండో స్థాయి) సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి షట్‌డౌన్ సీజన్లో, అంటే మరమ్మతులకు ప్లాంటు ఆపినప్పుడు, పని దొరుకుతుంది. వారం రోజుల్లో అన్ని పద్ధతుల్లోనూ సర్టిఫికెట్ అని చెప్పే సెంటర్లను నమ్మొద్దు. అల్ట్రాసోనిక్ ఒక్కదానికే లెవెల్-1కి 40 గంటలు, లెవెల్-2కి మరో 40 గంటల శిక్షణ, ఆ పైన ఫీల్డు అనుభవం అడుగుతారు. పైగా సర్టిఫికెట్‌ను ఒప్పుకోవాలా వద్దా అన్నది చాలాచోట్ల యజమాని సంస్థ రాసుకున్న విధానం మీదే ఉంటుంది. డబ్బు కట్టేముందు, పనిచేయదలచిన ప్లాంటు కాంట్రాక్టరు ఏది ఒప్పుకుంటాడో కనుక్కోండి.

మా కాలేజీలో మంచి ల్యాబు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. ఎలా?

సాఫ్ట్‌వేర్ లేదన్నది ఇప్పుడు సాకు కిందే లెక్క. ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ క్యాలిక్యులిక్స్ ఉచితం, దాని ఇన్‌పుట్ ఫైలు కంపెనీలు వాడే అబాకస్‌ది లాగే ఉంటుంది కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. విండోస్ మీద ప్రీపోమ్యాక్స్ పెట్టుకుంటే బొమ్మలతో పని జరుగుతుంది. అబాకస్ లెర్నింగ్ ఎడిషన్ 1,000 నోడ్ల (ముక్కలు కలిసే బిందువుల) వరకే పనిచేస్తుంది, నేర్చుకోవడానికి అదే ఎక్కువ. పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

అయితే బటన్లు నొక్కడం నేర్చుకున్నవాళ్లు బజారులో కొల్లలు. మీరు చేయాల్సింది వేరు. ముందు ఒక చివర బిగించిన దూలం తీసుకుని, కొన వంగుడును చేత్తో లెక్కవేయండి. తరవాత సాఫ్ట్‌వేర్లో చేసి పోల్చండి. రెండోది, రంధ్రం వ్యాసానికి పది రెట్లు వెడల్పున్న రేకును లాగండి. రంధ్రం అంచున స్ట్రెస్ దాదాపు 3 రెట్లు రావాలి. కిర్ష్ 1898లో తేల్చిన లెక్క అది. మీకు 2.2 వస్తే అక్కడ మెష్ (చిన్న ముక్కల వల) ముతకగా ఉందన్నమాట.

మెష్ సన్నం చేసే కొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే ఉంది. ఏది సరైన విలువ?

గుండ్రం చేయని లోపలి మూల దగ్గరైతే ఏదీ కాదు. ఎలాస్టిక్ సిద్ధాంతం ప్రకారం అక్కడ స్ట్రెస్ అనంతం. మెష్ ఎంత సన్నం చేస్తే అంత పెద్ద అంకె ఇస్తుంది. అసలు భాగానికి ఉన్న మూల వ్యాసార్ధాన్ని, 2 మిల్లీమీటర్లో 3 మిల్లీమీటర్లో, బొమ్మలో పెట్టండి. అప్పుడు విలువ ఒకచోట నిలబడుతుంది. బిందువు మీద పెట్టిన లోడు దగ్గరా, ఒక్క నోడును బిగించిన చోటా ఇదే గొడవ.

ఇంకో రెండు పొరపాట్లు తరచూ కనపడతాయి. నాలుగు నోడ్ల టెట్రా (నాలుగు ముఖాల) ఎలిమెంట్లు వంగుడు దగ్గర మరీ బిగుసుకుపోతాయి, పది నోడ్లవి వాడండి. మిల్లీమీటరు, న్యూటన్ యూనిట్లలో పని చేస్తున్నప్పుడు ఉక్కు సాంద్రత 7.85 × 10⁻⁹ టన్నులు ప్రతి ఘన మిల్లీమీటరుకు. అలవాటుగా 7850 అని కొడితే కంపన పౌనఃపున్యం పది లక్షల రెట్లు తక్కువ చూపిస్తుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం నోరెత్తదు.

స్ట్రెయిన్ గేజి (సాగుడును విద్యుత్ నిరోధం మార్పుగా కొలిచే పలచని పట్టీ) అతికించాం, రీడింగు నిలవడం లేదు. ఎందుకు?

ఎక్కువగా మూడు కారణాలు. ఒకటి, ఉపరితలం. 220 నుంచి 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో ఒకే దిశలో తుడవాలి. అదే గుడ్డతో ముందుకీ వెనక్కీ తుడిస్తే జిడ్డు మళ్లీ అక్కడికే చేరుతుంది. జిగురు పలచగా వేసి, బొటనవేలితో నిమిషం పాటు నొక్కిపట్టండి.

రెండు, తేమ. కొరాపుట్ వానాకాలంలో పూత వేయని గేజి రెండు రోజుల్లో జారడం మొదలుపెడుతుంది. టంకం అయ్యాక, లోహానికీ గేజికీ మధ్య ఇన్సులేషన్ కొలిచి, ఆ తరవాతే సిలికోన్ పూత వేయండి.

మూడోది, తీగలు. 120 ఓముల గేజిలో 100 మైక్రోస్ట్రెయిన్‌కి (పది లక్షల్లో వంద వంతుల సాగుడుకి) నిరోధం మారేది 0.024 ఓములే. గేజిదాకా వెళ్లి వచ్చే రాగి తీగ నిరోధం ఒక ఓము అనుకుందాం. ఎండకి 10 డిగ్రీలు వేడెక్కితే 0.039 ఓములు మారుతుంది. అంటే సుమారు 160 మైక్రోస్ట్రెయిన్, ఉక్కులో 30 మెగాపాస్కల్ పైన దొంగ స్ట్రెస్. మూడు తీగల కనెక్షన్ ఇస్తే ఇది కొట్టుకుపోతుంది.

ప్రాజెక్టుకి వెదురు, జనుము కాంపోజిట్ చేద్దామనుకుంటున్నాం. బాగుంటుందా?

అందరూ చేసేదే. నార కోసి, ఎపాక్సీ పోసి, మూడు ముక్కలు లాగి, గ్రాఫు గీసి ముగించేస్తారు. దాన్ని చూసి ఏ ప్రొఫెసరూ పిలవడు. చేయాలనే ఉంటే లోతుగా చేయండి. కాంపోజిట్ల లాగుడు పరీక్ష ప్రమాణం ఏఎస్‌టీఎం డీ3039 ప్రకారం ప్రతి రకానికీ కనీసం ఐదు ముక్కలు కావాలి. ఒకే దిశలో నార ఉన్న ముక్కైతే 15 మిల్లీమీటర్ల వెడల్పు, 250 మిల్లీమీటర్ల పొడవు. గ్రిప్పు లోపల విరిగినవి లెక్కలోకి తీసుకోవద్దు, ట్యాబులు (గ్రిప్పు పట్టే చోట వేసే పట్టీలు) మళ్లీ అతికించి ఇంకో ముక్క లాగండి. యంగ్ గుణకాన్ని మెషీన్ క్రాస్‌హెడ్ కదలిక నుంచి తీయకండి. గ్రిప్పుల జారుడు, మెషీన్ సాగుడు కలిసిపోయి విలువ సగానికి సగం కూడా రాకపోవచ్చు, ముక్క సాగుడును నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటరు పెట్టాల్సిందే.

వెదురు బలం ముక్క ముక్కకీ ఎంత తేడాగా ఉంటుంది, తేమ పీల్చాక ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్నలు ఇంకా పసగలవి. వాటికి బలంలో తేడాలను లెక్కగట్టే వైబుల్ గణాంకం వాడండి, 20 ముక్కలైనా లాగండి.

ఫెటీగ్ పరీక్ష జోలికి వెళ్తే ముందు కాలం లెక్క చూసుకోండి. సెకనుకు 50 చుట్ల మెషీన్ మీద కోటి చుట్లకు రెండు రోజుల ఏడున్నర గంటలు పడుతుంది, సెకనుకు 10 అయితే పదకొండున్నర రోజులు. మధ్యలో కరెంటు పోతే ఉక్కు ఫెటీగ్ పరీక్షకు పెద్ద నష్టం లేదు, చుట్ల లెక్క పోకుండా చూసుకుంటే చాలు. క్రీప్ పరీక్షలో మాత్రం కొలిమి చల్లారితే ఆ ముక్క మీద ఆశ వదులుకోవడమే.

ఎంటెక్, పీహెచ్‌డీకి రాసే గేట్ పరీక్షలో మెకానికల్ రాయాలా, ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) రాయాలా?

ఉద్యోగం కూడా కావాలంటే మెకానికల్ లేదా సివిల్. నాల్కో లాంటి ప్రభుత్వ సంస్థలు గేట్ స్కోరు మీద ట్రైనీలను తీసుకున్నప్పుడు పిలిచేది ఆ పేపర్లనే. ఎక్స్‌ఈకి దాదాపు పిలుపు ఉండదు. పరిశోధనే లక్ష్యమైతే ఎక్స్‌ఈ మంచి పేపరు. ఆప్టిట్యూడ్ 15 మార్కులు, గణితం 15, మనం ఎంచుకున్న రెండు విభాగాలు చెరో 35. అందులో డి విభాగం సాలిడ్ మెకానిక్స్. దానికి తోడు మెటీరియల్ సైన్సు తీసుకుంటే తరవాత పనికొస్తుంది.

మూడో ఏడాదిలోనే రాయొచ్చు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, వదిలేయకండి.

ఎంటెక్, పీహెచ్‌డీ చదువుతుంటే ఎంత వస్తుంది?

గేట్‌తో చేరిన ఎంటెక్‌కి నెలకు 12,400 రూపాయలు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి మొదటి రెండేళ్లు 37,000, తరవాత 42,000, వీటికి ఇంటద్దె అదనం. డీఆర్‌డీఓ శాస్త్రవేత్త ‘బి’ ఉద్యోగానికి మూలవేతనం 56,100.

పరిశోధనకి ఎక్కడికి వెళ్లాలి?

మనకి దగ్గర్లో రూర్కెలా ఎన్‌ఐటీ, భువనేశ్వర్ ఐఐటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. సిద్ధాంతం, కంప్యూటేషన్ వైపు మనసుంటే బెంగుళూరు ఐఐఎస్సీ, మద్రాసు, ఖరగ్‌పూర్, కాన్పూర్, హైదరాబాద్ ఐఐటీలు. ల్యాబుల్లో అయితే విశాఖ ఎన్‌ఎస్‌టీఎల్‌లో నీటి అడుగు ఆయుధాలు, హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్‌లో లోహాల పగుళ్లు, బెంగుళూరు ఎన్‌ఏఎల్‌లో విమాన నిర్మాణాలు, జంషెడ్‌పూర్ ఎన్‌ఎంఎల్‌లో క్రీప్, చెన్నై ఎస్‌ఈఆర్‌సీలో కట్టడాలు, కల్పాక్కం ఐజీకార్‌లో రియాక్టరు భాగాలు. ఊరి పేరు కన్నా గైడును చూసి ఎంచుకోండి.

తెలుగువాళ్లకి ఈ రంగం కొత్త కాదు. కాంపోజిట్ పలకల సిద్ధాంతంలో పేరెన్నికగన్న జె.ఎన్. రెడ్డి ఉస్మానియాలో చదివారు, 2019లో టిమోషెంకో పతకం అందుకున్నారు. గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి మెష్ లేని లెక్కల పద్ధతులకు ప్రసిద్ధులు, 2013లో పద్మభూషణ్ పొందారు.

ప్రొఫెసరుకి మెయిల్ రాస్తే జవాబు రావడం లేదు.

ఒకే మెయిల్ వందమందికి పంపితే రాదు. ఆయన ఇటీవలి పేపరు ఒకటి చదవండి, అందులో ఒక బొమ్మనో ఒక లెక్కనో మీరు మళ్లీ చేసి చూడండి, ఎక్కడ కలిసింది, ఎక్కడ తేడా వచ్చింది అన్నది ఐదారు వాక్యాల్లో రాయండి. ఒక పేజీ పీడీఎఫ్ జత చేయండి. పది రోజులు చూసి ఒకసారి గుర్తు చేయొచ్చు, అంతకు మించి వద్దు. వేసవి ఇంటర్న్‌షిప్‌కి మూడు సైన్స్ అకాడమీల ఉమ్మడి ఫెలోషిప్‌కి కూడా దరఖాస్తు పెట్టండి, రెండు నెలలు మంచి ల్యాబులో గడుస్తుంది.

ప్రైవేటు ఉద్యోగాల్లో ఏం అడుగుతారు?

కార్లు, విమానాలు, టర్బైన్ల కంపెనీల్లో దీన్ని స్ట్రెస్ ఇంజనీర్, సీఏఈ (కంప్యూటర్ సాయంతో ఇంజనీరింగ్) ఇంజనీర్ అంటారు. పనిలో సగం రిపోర్టు రాయడమే. భాగం తట్టుకోగల స్ట్రెస్‌ను దాని మీద పడే స్ట్రెస్‌తో భాగించి ఒకటి తీసేస్తే మార్జిన్ ఆఫ్ సేఫ్టీ. అది సున్నాకి దిగితే ఎందుకు దిగింది, ఏం మారిస్తే పెరుగుతుంది అని అడుగుతారు. బోల్టు జాయింటు, మోర్ వృత్తం, వాన్ మీసెస్ స్ట్రెస్, బక్లింగ్ (నొక్కుడుకి పక్కకి వంగిపోవడం), ఎస్‌-ఎన్ వక్రం (ఏ స్ట్రెస్‌కి ఎన్ని చుట్లలో విరుగుతుందో చూపే గ్రాఫు) కాగితం మీద చేసి చూపించగలగాలి.

ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకి ఒడియా రావాలా?

రావాలి. చదవడం, రాయడం, మాట్లాడడం, మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా పాసైనట్టు రుజువు. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివిన మన పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. కేంద్ర సంస్థల్లో ఈ నిబంధన లేదు.

అమ్మాయిలకి ఈ పని కష్టమా?

కాదు. లెక్కల పని కంప్యూటర్ ముందు, పరీక్షల పని ల్యాబులో. షట్‌డౌన్ సైటు పని మాత్రం రాత్రి షిఫ్టులతో ఉంటుంది, అది అబ్బాయిలకీ అంతే.

ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ చేయొచ్చా?

చేయొచ్చు. పార్ట్‌టైమ్, సంస్థ స్పాన్సర్ చేసే పద్ధతులు చాలా చోట్ల ఉన్నాయి. మామూలుగా సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, కొంత అనుభవం, ఒక సెమిస్టర్ కోర్సు వర్కు అడుగుతారు. మీ చేతిలో ఉన్న అసలు ఆస్తి విరిగిన భాగాలు. ఏ రోజు, ఎన్ని గంటలు నడిచాక, ఏ లోడు మీద విరిగిందో రాసిపెట్టిన చీటీతో సహా పదేళ్ల ముక్కలు స్టోరులో దొరికితే అది ఏ కాలేజీ ల్యాబులోనూ దొరకని సమాచారం. విరిగిన ముఖాలను ఒకదానికొకటి ఆనించి చూడకండి, అలా రుద్దితే పగులు గుర్తులు చెరిగిపోతాయి. పొడిగా, నూనె పూసి, విడివిడిగా చుట్టి పెట్టండి. రక్షణ సంస్థల్లో అయితే డ్రాయింగులు, కొలతలు బయటికి పోకూడదు కాబట్టి, ఏ అంకెలు ప్రచురించవచ్చో చేరకముందే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. థీసిస్ రాశాక అడిగితే సగం అధ్యాయాలు తీసేయమంటారు.